పింఛను ఇంటికొస్తోంది, మాత్ర రావద్దా?

రాజవొమ్మంగి : నెల మొదటి తేదీన తెల్లవారేసరికి సచివాలయ ఉద్యోగి గూడెంలో అడుగుపెడతాడు. గుమ్మంలో కూర్చున్న అవ్వచేత వేలిముద్ర వేయించుకుని, నాలుగు వేల రూపాయలు చేతిలో పెట్టి పక్క ఇంటికి వెళతాడు. ఆ అవ్వకు బి.పి. మాత్రలు అయిపోయి వారం దాటిన సంగతి అతనికి తెలియదు. అడగటం అతని పని కూడా కాదు. మన్యంలో ముసలివారి కష్టమంతా ఇక్కడే వుంది.

పథకాలకు కొదవ లేదు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4 వేల రూపాయలైంది. మిగతావారికి 60 ఏళ్లు నిండాలి కాగా గిరిజనులకు 50 ఏళ్లకే ఇస్తారు. పూర్తిగా మంచాన పడినవారికి నెలకు 15 వేలు. 104 వాహనం మందులతో ఊళ్లకు వస్తుంది. డాక్టరే పల్లెకు వచ్చి, మంచం పట్టినవారిని ఇంటివద్ద చూసే ఏర్పాటు 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. వృద్ధుల ఆరోగ్యానికి కేంద్రం 2010-11లోనే ఒక జాతీయ కార్యక్రమం పెట్టింది.

అయితే పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది, మాత్రలు వైద్య శాఖవి. ఒకరి జాబితా మరొకరి చేతికి వెళ్లదు. ఫలితంగా ఎవరి పని వారు సక్రమంగా చేసినా ముసలివారు మధ్యలో జారిపోతున్నారు.

104 వాహనం రోడ్డున్న ఊరిదాకానే రాగలదు. కొండవాలు గూడెంలోని అవ్వ అక్కడిదాకా నడిచి దిగాలి. కొడుకు, కోడలు జీడితోటల పనికో, పట్నంలో కూలికో వెళ్లి వుంటారు. మనుమలు ఆశ్రమ పాఠశాలలో వుంటారు. వాహనం ఏ రోజు వచ్చేదీ ఆమెకు చెప్పేవారుండరు. బి.పి. మాత్ర రోజూ పడాలి. ఒంట్లో బాగానే వుందని మానేస్తే, ఏ బాధా తెలియకుండానే ఒకనాడు పక్షవాతం మీద పడవచ్చు. అప్పుడు డోలీ కట్టాలి. మోయడానికి నలుగురు కుర్రవాళ్లు ఊళ్లో వుండాలి కదా!

ఇందుకు కొత్త భవనం, కొత్త ఉద్యోగం అవసరం లేదు. గూడేల్లోని ముసలివారిలో ఎక్కువమంది పేర్లు పింఛను జాబితాలో వున్నాయి. డబ్బు ఇచ్చే రోజునే మూడు మాటలు అడిగితే చాలు. మాత్రలు వున్నాయా? లేచి తిరుగుతున్నారా? ఇంట్లో తోడెవరు? ఆ జవాబులు సాయంత్రానికి ఆశ కార్యకర్తకు, ఎ.ఎన్.ఎం.కు చేరాలి. నడవలేనివారి మాత్రలు ఆశ చేతికిచ్చి పంపాలి. 104 వచ్చే రోజును ముందునాడే వారపు సంతలో దండోరా వేయించాలి. అయితే ఆశపై పడే అదనపు భారానికి తగిన పారితోషికం కూడా ఇవ్వాలి.

ఇది జరగని పనేమీ కాదు. కేరళలో 2008లో ప్రభుత్వం విధానం ప్రకటించిన తరువాత, పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులు ఇళ్లకు వెళ్లి మంచాన పడినవారిని చూస్తున్నారు. పంచాయతీ, వైద్య శాఖ ఒకే జాబితా పట్టుకుంటే ఇక్కడా సాధ్యమే.

ఆదరణ కరువైన వృద్ధుల తరఫున ఎవరైనా 14567 నెంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఫోను పలకని గూడేలకు మాత్రం మనిషే వెళ్లాలి.

అవ్వకు శాఖలు తెలియవు. గుమ్మంలోకి వచ్చిన మనిషే ఆమెకు సర్కారు. ఆ మనిషి డబ్బుతోపాటు ఆరోగ్యం కూడా కనుక్కునేలా అధికారులు వెంటనే ఏర్పాటు చేయవలసి వుంది.