ఢిల్లీకి పంపిన ప్రతినిధికి మొర వినిపించేదెలా?

న్యూఢిల్లీ: ఎన్నికలు ముగిశాక పార్లమెంటు సభ్యుడు కంటికి కనిపించడం లేదన్న ఫిర్యాదు తెలుగునాట కొత్తది కాదు. అయితే కనిపించని సభ్యునికి మొర వినిపించే మార్గాలేమిటో, ఆ మొర ఏ రూపంలో చేరితే సభ రికార్డులకు ఎక్కుతుందో తెలిసిన ఓటర్లు తక్కువే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8 కోట్ల 46 లక్షలు. అప్పట్లో ఆ రాష్ట్రం నుంచి లోక్‌సభకు ఎన్నికైన వారు 42 మంది. అంటే సగటున 20 లక్షల మందికి ఒక్క ప్రతినిధి. 2019 ఎన్నికల నాటికి ఒక్క మల్కాజ్‌గిరి నియోజకవర్గంలోనే 31 లక్షలకు పైగా ఓటర్లుండగా, లక్షద్వీప్‌లో ఆ సంఖ్య 60 వేల లోపే. సభలో మాత్రం ఆ ఇద్దరు సభ్యులకూ చెరొక ఓటే.

ఈ పరిస్థితికి కారణం లేకపోలేదు. రాష్ట్రాల వారీ స్థానాల సంఖ్యను 1971 జనాభా లెక్కల ప్రాతిపదికపై 1976లో 42వ రాజ్యాంగ సవరణ స్థిరీకరించింది. 2001లో 84వ సవరణ ఆ ఏర్పాటును 2026 తరువాత జరిగే తొలి జనగణన వరకు పొడిగించింది. ఈలోగా నియోజకవర్గాల సరిహద్దులు మారాయి కానీ రాష్ట్రాల వాటా మారలేదు. జనం పెరిగారు, ప్రతినిధులు పెరగలేదు.

ఎవరు ఎవరి ప్రతినిధి?

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినప్పుడు లోక్‌సభలోని 42 స్థానాలలో 25 ఆంధ్రప్రదేశ్‌కు, 17 తెలంగాణకు దక్కాయి. రాజ్యసభలోని 18 స్థానాలలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 వచ్చాయి. అప్పటికి పదవిలో ఉన్న రాజ్యసభ సభ్యులను లాటరీ పద్ధతిన రెండు రాష్ట్రాలకు పంచారు. ఫలితంగా తెలంగాణ రాష్ట్ర సమితి నాయకుడు కె. కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యునిగాను, ఆంధ్ర ప్రాంతానికి చెందిన కాంగ్రెస్ నాయకుడు కె.వి.పి. రామచంద్రరావు తెలంగాణ సభ్యునిగాను నమోదు కావడం అప్పట్లో చర్చనీయాంశమైంది.

లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గ ఓటర్లకు నేరుగా జవాబుదారీ. రాజ్యసభ సభ్యుని ఎన్నుకునేది శాసనసభ్యులు. ఆయన పదవీకాలం ఆరేళ్లు. పోటీ చేసే రాష్ట్రంలోనే నివాసముండాలన్న నిబంధన 2003లో తొలగిపోయింది. ఆ సవరణను సుప్రీంకోర్టు 2006లో సమర్థించింది. మహారాష్ట్రకు చెందిన సురేశ్ ప్రభు 2016లో ఆంధ్రప్రదేశ్ నుంచే ఎన్నికయ్యారు. ఎక్కడివారైనా సరే, రాజ్యసభ సభ్యుడు ఆ రాష్ట్రం మొత్తానికీ ప్రతినిధి. ఏ జిల్లా పౌరుడైనా ఆయనకు లేఖ రాయవచ్చు.

లోక్‌సభ సభ్యుడు మంత్రిగా ఉన్నప్పుడు ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంటుంది. సభలో మంత్రులు ప్రశ్నలకు జవాబులిస్తారే తప్ప ప్రశ్నలు వేయరు. స్పీకర్ కూడా ప్రశ్నలు వేయరు. అటువంటి నియోజకవర్గ ప్రజలకు రాజ్యసభ సభ్యులే ప్రత్యామ్నాయం.

ఏ పనికి ఎవరి వద్దకు?

రేషన్ కార్డు, వృద్ధాప్య పింఛను, పట్టాదారు పాసుపుస్తకం, ఊరి పాఠశాల వంటివి ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనివి. వీటికి శాసనసభ్యుడు, మండల, జిల్లా అధికారులే సరైనవారు. రైల్వేలు, తపాలా, పాస్‌పోర్టు, భవిష్యనిధి, జాతీయ రహదారులు, జాతీయ బ్యాంకులు, గల్ఫ్ దేశాలలో చిక్కుకున్న కార్మికుల సమస్యలు కేంద్రానివి. పార్లమెంటు సభ్యుని లేఖకు బలం ఉండేది ఇక్కడే.

సిఫారసులకు పూర్వమున్న గిరాకీ తగ్గిందన్నది నిజం. ఒకప్పుడు గ్యాస్ కనెక్షన్‌కు, టెలిఫోన్‌కు సభ్యుని చీటీ కోసం జనం బారులు తీరేవారు. కేంద్రీయ విద్యాలయాలలో సభ్యుని సిఫారసుపై ఏటా పది మందికి ప్రవేశం కల్పించే కోటా 2022లో రద్దయింది. అయితే సభ్యుని అసలు అధికారం ఏనాడూ చీటీలో లేదు, సభలో ఉంది.

సభలోని దారులు

ప్రశ్నోత్తరాల సమయం వీటిలో మొదటిది. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు మంత్రులు మౌఖికంగాను, 230 వరకు ప్రశ్నలకు లిఖితపూర్వకంగాను సమాధానమిస్తారు. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక్క సభ్యుని పేర రోజుకు ఐదు ప్రశ్నలకు మించి అనుమతించరు. కనుక సమావేశాలు మొదలయ్యాక రాసే లేఖకంటే, సమావేశాల తేదీలు వెలువడిన వెంటనే రాసే లేఖకు ఫలితం ఎక్కువ. లిఖితపూర్వక సమాధానమే కదా అని చిన్నచూపు తగదు. రైల్వే వంతెనకు మంజూరైన సొమ్మెంత, ఖర్చయినదెంత అన్న ప్రశ్నకు మంత్రి ఇచ్చే జవాబు సభా పత్రాలలో శాశ్వతంగా నిలుస్తుంది. రేపు అధికారి దానిని కాదనలేడు.

ఆ ప్రశ్న విలువ ఎంతటిదో 2005 డిసెంబరులో దేశమంతటికీ తెలిసివచ్చింది. ప్రశ్నలు వేసేందుకు డబ్బు తీసుకున్నారన్న ఆరోపణపై 11 మంది సభ్యులను ఉభయ సభలు బహిష్కరించాయి. వీరిలో పది మంది లోక్‌సభ సభ్యులు. డబ్బుకు అమ్ముడుపోగల ఆ ప్రశ్నను ఓటరు ఒక తపాలా బిళ్ల ఖర్చుతో అడిగించుకోవచ్చునన్నది గమనార్హం.

తక్షణ సమస్యలకు జీరో అవర్ ఉంది. లోక్‌సభలో 377వ నిబంధన కింద, రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావన రూపంలో కూడా స్థానిక సమస్యలను లేవనెత్తవచ్చు. వీటికి సంబంధిత మంత్రిత్వ శాఖ నుంచి సభ్యునికి లిఖితపూర్వకంగా జవాబు వస్తుంది. మంత్రి సభలో 'పరిశీలిస్తాం' అని ఇచ్చిన హామీలను వెంటాడేందుకు ప్రభుత్వ హామీల సంఘం ఉన్నది.

పిటిషన్‌కు ఉన్న పట్టు

సభ్యుని దయాదాక్షిణ్యాలపై ఆధారపడని మార్గం పిటిషన్. పార్లమెంటు ఉభయ సభలకూ పిటిషన్ల సంఘాలున్నాయి. లోక్‌సభ సంఘంలో 15 మంది, రాజ్యసభ సంఘంలో 10 మంది సభ్యులుంటారు. సభ ముందున్న బిల్లుపై గానీ, ప్రజా ప్రాముఖ్యం గల అంశంపై గానీ పిటిషన్ ఇవ్వవచ్చు. కోర్టుల విచారణలో ఉన్న విషయాలు పనికిరావు. తెలుగులో రాస్తే ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జతచేయాలి. సభ్యుని ద్వారా సమర్పించే పిటిషన్‌పై ఆయన ప్రతిసంతకం ఉండాలి.

ఇది కంటితుడుపు వ్యవహారం కాదనడానికి మాజీ సైనికుల ఉదంతమే నిదర్శనం. ఒకే హోదాకు ఒకే పింఛను కోరుతూ వచ్చిన పిటిషన్‌ను భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన గల రాజ్యసభ పిటిషన్ల సంఘం విచారించి, 2011 డిసెంబరులో సానుకూలంగా నివేదిక ఇచ్చింది. 2014 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ సూత్రాన్ని అంగీకరించింది. 2015 నవంబరులో ఉత్తర్వులు వెలువడ్డాయి. మధ్యలో మాజీ సైనికులు వీధికెక్కి ఉద్యమించవలసి వచ్చిన మాట నిజమే. అయినా వారి కోరికకు పార్లమెంటు ముద్ర వేసినది ఆ నివేదికే.

నిధులపై నిఘా

నియోజకవర్గ అభివృద్ధి నిధుల పథకం 1993 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ ఏడాది ఒక్కొక్క సభ్యునికి 5 లక్షల రూపాయలతో మొదలై, 1994-95లో కోటికి, 1998-99లో రెండు కోట్లకు, 2011-12 నుంచి ఐదు కోట్లకు ఆ మొత్తం పెరిగింది. సభ్యుడు పనిని సిఫారసు మాత్రమే చేస్తాడు, మంజూరు చేసి జరిపించేది జిల్లా యంత్రాంగం. పని జరగకపోతే ఇద్దరినీ అడగవలసి ఉంటుంది. కేంద్ర పథకాల అమలును సమీక్షించేందుకు 2016లో ఏర్పాటైన జిల్లా సంఘాలకు లోక్‌సభ సభ్యులే అధ్యక్షులు. ఉపాధి హామీ కూలీ బకాయిల వంటివి అక్కడ ప్రస్తావనకు రావాలంటే సమావేశానికి ముందే వినతి చేరాలి.

లేఖ ఎలా ఉండాలి?

ఒక లేఖలో ఒకే విషయం, ఒకే పుటలో ఉండడం మేలు. పేరు, చిరునామా, నియోజకవర్గం స్పష్టంగా రాయాలి. అంతకుముందు ఇచ్చిన దరఖాస్తుల సంఖ్యలు, తేదీలు, నకళ్లు జతచేయాలి. 'ఆదుకోండి' అని ముగించకుండా, ప్రశ్న వేయమనా, మంత్రికి లేఖ రాయమనా, పిటిషన్‌పై సంతకం చేయమనా అన్నది తేల్చి చెప్పాలి. సభ్యుల కార్యాలయ చిరునామాలను లోక్‌సభ, రాజ్యసభ సచివాలయాలు తమ వెబ్‌సైట్లలో ఉంచుతున్నాయి.

జవాబు రాయడానికి తీరిక లేదన్న సాకు చెల్లదు. 2025 మార్చిలో ప్రకటించిన సవరణ ప్రకారం సభ్యుని కార్యాలయ ఖర్చులకు నెలకు 75 వేల రూపాయలు ఇస్తారు. అందులో 50 వేలు సహాయకుని జీతానికే. ఓటరు లేఖ విప్పి చదివే చేతికి జీతమిస్తున్నది ఆ ఓటరే. రాయని లేఖకు జవాబు అడిగే హక్కు ఎవరికీ లేదు. రాసిన లేఖకు జవాబు రాకపోతే మాత్రం, సభ్యుడు మళ్లీ ఓటు కోసం గడపకు వచ్చిన రోజున దాని నకలు ఓటరు చేతిలో ఉంటుంది.