డయాలసిస్ యంత్రం ఆగిన రాత్రి

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్న రోగికి సాధారణంగా వారానికి మూడు పర్యాయాలు, నాలుగేసి గంటల చొప్పున డయాలసిస్ జరగాలి. అందుచేత ఆసుపత్రిలో యంత్రం ఆగిందన్న కబురు అందగానే సర్వీసు ఇంజనీరు పనిముట్ల సంచితో రాత్రి బస్సెక్కవలసిందే.

హెచ్చరిక యంత్రం తెరపై కనిపించినా, లోపం అన్నిసార్లూ యంత్రంలోనే ఉండదు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రవం చొప్పున ఒక్క చికిత్సకు సుమారు 120 లీటర్లు ప్రవహిస్తుంది. బోరుబావుల కఠిన జలానికి ఆర్.ఓ. పొరలు త్వరగా పూడుకుపోతాయి. కుళాయి నీటిలో క్లోరమైన్ ఉండి, దానిని బొగ్గు వడపోత ఆపలేకపోతే రోగి ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. కనుక అనుభవజ్ఞుడు నీటి గదిని చూడకుండా వెనుదిరగడు.

మరమ్మతు గంటలో ముగిసినా పరీక్షలు మిగిలే ఉంటాయి. ద్రవంలోని లవణ పరిమాణాన్ని, ఉష్ణోగ్రతను వేరొక మీటరుతో సరిచూడాలి. రక్తం తిరిగి వెళ్ళే గొట్టంలో గాలి బుడగ కనబడితే పంపు ఆగి, క్లాంపు మూసుకుంటున్నదో లేదో నిర్ధారించుకోవాలి. బయట రోగుల బంధువులు తొందరపెడతారు, వారిని తప్పుపట్టలేము. అయినా ఈ పరీక్షలను దాటవేయరాదు.

బయోమెడికల్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవారు ఈ వృత్తిలో ప్రవేశించవచ్చు. ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చిన బళ్లారి, రాయచూరు పిల్లలకు రెండు వైపులా నర్సుల మాట సూటిగా అర్థమవుతుంది. పండుగకు ఇంట ఉంటామన్న హామీ మాత్రం ఇవ్వలేరు.