కండెన్సింగ్ బాయిలర్: బిగించడం ఒక ఎత్తు, మొదలుపెట్టడం మరో ఎత్తు

ఈ ఎపిసోడ్ సారపాకలో మా ఇంటి పెరట్లోంచి మాట్లాడుతున్నా. నా వెనకాల కనిపిస్తున్నది మా అమ్మ రాగి బాయిలర్. మధ్యలో గొట్టం, గొట్టంలో జామాయిల్ పుల్లలు, చుట్టూ నీళ్లు, పైన పొగ. సంక్రాంతి చలికి మా ఇంట్లో స్నానాలన్నీ దీని మీదే. గోదావరి దాటితే భద్రాచలం, ఇటు చూస్తే అడవి. ఇక్కడ చలి అంటే నెలన్నర ముచ్చట. ఇల్లు వేడి చేసుకోవడానికి ఒక యంత్రం ఉంటుందంటే మా వీధిలో ఎవరూ నమ్మరు.

కానీ ఈ రోజు మాట్లాడేది ఆ యంత్రం గురించే. ఎందుకంటే మన ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి ఇంగ్లండ్‌కి చదువుకి, ఉద్యోగానికి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇల్లు అద్దెకి తీసుకుంటారు, కొందరు కొనుక్కుంటారు. వంటగది గోడకి తెల్ల డబ్బా ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది నడిచినంత కాలం ఎవరూ దాని మొహం చూడరు. ఆగినప్పుడే తెలుస్తుంది.

పోయిన జనవరిలో ఒక రోజు పొద్దున 8 గంటలకి ఇక్కడే నిలబడి ఉన్నా. అమ్మ బాయిలర్‌లో పుల్లలు పెడుతోంది. లీడ్స్ నుంచి అక్క వీడియో కాల్. అక్కడ టైము రాత్రి రెండున్నర.

"తమ్ముడూ, హీటింగ్ ఆగిపోయింది రా. రెండు సార్లు రీసెట్ కొట్టినా రావట్లేదు. బాబు చేతులు చల్లబడుతున్నయి."

బాబుకి అప్పుడు ఎనిమిది నెలలు. బయట మైనస్ ఆరు. ఆ బాయిలర్ పెట్టించి రెండు నెలలు కూడా కాలేదు. అంత ఖరీదు పెట్టి, 92 శాతం సామర్థ్యం అని స్టిక్కర్ చూసి కొన్నది. కొనేటప్పుడు ఫోన్‌లో సలహా చెప్పింది ఎవరు? నేనే. బీటెక్ చదివినోణ్ణి కదా! యాప్ ఉందా, వైఫై ఉందా అని అడిగాను. అసలు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు అడగలేదు. ఆ నాలుగే ఈ ఎపిసోడ్.

పొయ్యి మీద గిన్నె చెప్పే సంగతి

ముందు కండెన్సింగ్ అంటే ఏంటో చూద్దాం. మీ వంటింట్లోనే చూడొచ్చు. చల్లటి నీళ్లు నింపిన స్టీలు గిన్నెని బయట పొడిగా తుడిచి గ్యాస్ స్టవ్ మీద పెట్టండి. మొదటి నిమిషంలో గిన్నె బయట అడుగున చెమట పట్టినట్టు చుక్కలు వస్తాయి. గిన్నె కారుతోందేమో అనుకుంటాం. కాదు. అవి మంటలోంచి వచ్చిన నీళ్లు.

గ్యాస్‌లో హైడ్రోజన్ ఉంటుంది. మండినప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఒక ఘనపు మీటరు సహజ వాయువు మండితే సుమారు కిలోన్నర నీళ్లు పుడతాయి. ఆ ఆవిరికి చల్లటి గిన్నె తగిలితే నీళ్లవుతుంది. గిన్నె వేడెక్కాక చుక్కలు మాయం. ఎందుకు? తగలడానికి ఇంక చల్లటి చోటు లేదు కాబట్టి.

ఇందులో డబ్బుల లెక్క ఉంది. లీటరు నీళ్లని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగే నీళ్లని పూర్తిగా ఆవిరి చెయ్యడానికి దానికి ఏడు రెట్లకి పైగా కావాలి. అంటే ఆవిరి తనలో బోలెడు వేడి దాచుకుని ఉంటుంది. పాత రకం బాయిలర్ ఆ ఆవిరిని పొగగొట్టంలోంచి ఆకాశానికి వదిలేసేది. కండెన్సింగ్ బాయిలర్ ఆ పొగని చల్లబరిచి, ఆవిరిని నీళ్లు చేసి, దాచుకున్న వేడిని రాబట్టుకుంటుంది. సహజ వాయువులో ఈ దాగిన వేడి మొత్తంలో సుమారు పదో వంతు.

మా అమ్మకి ఇదంతా చెబితే తన బాయిలర్ వైపు చూపించి, "ఆ గొట్టం మీద చెయ్యి పెట్టు, సగం వేడి కాకులకే పోతుంది" అంది. ఒక్క మాటలో మొత్తం సబ్జెక్టు చెప్పేసింది.

మరి పాల్వంచలో, మణుగూరులో అంత పెద్ద బాయిలర్లు ఉన్నాయి కదా, అక్కడ ఇట్లా ఎందుకు చెయ్యరు అని మీకు డౌట్ రావొచ్చు. మణుగూరు దగ్గర భద్రాద్రి ప్లాంటులో 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. అక్కడ మండేది బొగ్గు. బొగ్గులో హైడ్రోజన్ తక్కువ, పైగా గంధకం ఉంటుంది. ఆ పొగని బాగా చల్లబరిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం కారి ఇనుముని తినేస్తుంది. అందుకే అక్కడ పొగని కావాలనే వేడిగా బయటికి పంపుతారు. ఇంటి గ్యాస్ బాయిలర్‌లో కూడా కారే నీళ్లకి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికే లోపలి హీట్ ఎక్స్‌ఛేంజర్‌ని స్టెయిన్‌లెస్ స్టీలుతోనో అల్యూమినియం మిశ్రమంతోనో చేస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో కొద్ది మినహాయింపులు తప్ప కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్ ఈ రకమే ఉండాలని 2005 ఏప్రిల్ నుంచి నియమం. 2018 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో కనీసం 92 శాతం సామర్థ్యం ఉండాలన్నారు.

మొదటి ప్రశ్న: కారే నీళ్లు ఎటు పోతాయి?

పొగలోంచి వచ్చిన నీళ్లు ఎక్కడికో పోవాలి కదా. దానికి ఒక సన్న ప్లాస్టిక్ పైపు ఉంటుంది. అది ఇంటి లోపలే సింకు డ్రైనులోకి కలిస్తే మంచిది. బయటికి తీయక తప్పకపోతే వీలైనంత పొట్టిగా ఉండాలి, కనీసం 32 మిల్లీమీటర్ల లావు ఉండాలి, పైన చలికి తొడుగు ఉండాలి, మీటరుకి సుమారు 45 మిల్లీమీటర్ల చొప్పున వాలు ఉండాలి.

అక్క ఇంట్లో ఆ పైపు సన్నది. బయట గోడ మీద నాలుగు మీటర్లు, తొడుగు లేదు. చుక్క చుక్కగా కారే నీళ్లు మైనస్ ఆరులో గడ్డకట్టాయి. నీళ్లు వెనక్కి తన్ని లోపల నిండాయి. సెన్సార్ చూసి బాయిలర్ తనంతట తాను ఆపేసుకుంది. అంటే యంత్రం తప్పు లేదు, అది పద్ధతిగానే ఆగింది. 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో చాలా ఇళ్లలో జరిగింది సరిగ్గా ఇదే.

మాకు ఎట్లా తెలిసిందంటే, అక్క ఫోన్‌ని బాయిలర్ దగ్గర పెట్టింది. లోపల హుక్కా పీల్చినట్టు గుడగుడ చప్పుడు. తెర మీద కోడ్‌ని పుస్తకంలో చూస్తే నీళ్ల దారి మూసుకుందని ఉంది. బావ కెటిల్‌లో నీళ్లు కాచి, చల్లనీళ్లు కలిపి గోరువెచ్చగా చేసి, బయటికి వెళ్లి నేల మీద నిలబడే అందినంత మేర పైపు మీద పోశాడు. మరిగే నీళ్లు పొయ్యకూడదు, పైపు పగులుతుంది. నిచ్చెన ఎక్కకూడదు. ఇరవై నిమిషాలకి లోపల్నుంచి నీళ్లు దబ్బున జారిన చప్పుడు. రీసెట్ కొడితే మంట అందుకుంది. ఇక్కడ అమ్మ అప్పటిదాకా ఉపవాసం ఉన్నదానిలా ఒక్క మాట మాట్లాడలేదు. "పిలగాడికి ఉన్ని టోపీ పెట్టు" అని అప్పుడు అంది.

రెండో ప్రశ్న: పాత పైపులు కడిగారా?

రేడియేటర్లలో, పైపుల్లో ఏళ్ల తరబడి తిరిగిన నీళ్లలో ఇనుప తుప్పు నల్లటి బురదలా పేరుకుంటుంది. కొత్త బాయిలర్ లోపలి దారులు చాలా సన్నవి. పాత బురద వాటిలోకి వెళితే మూసుకుపోతాయి. అందుకే బిగించే ముందే మొత్తం కడగాలి, తిరిగి వచ్చే పైపు మీద అయస్కాంతం ఉన్న ఫిల్టర్ పెట్టాలి, తర్వాత కొత్త నీళ్లలో తుప్పు పట్టనివ్వని మందు కలపాలి. పాత డేటాబేస్‌లో చెత్తని క్లీన్ చెయ్యకుండా కొత్త సర్వర్‌కి మార్చితే ఏమవుతుందో మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలుసు. ఇదీ అంతే.

మూడో ప్రశ్న: మొదటి మంటకి ముందు, తర్వాత ఏం చూశారు?

ఇక్కడ వరుస ముఖ్యం. గ్యాస్ పైపు ఎక్కడా లీకు లేదని పరీక్ష. తర్వాత నీళ్లు నింపడం. మామూలు ఇంట్లో చల్లగా ఉన్నప్పుడు గేజీ 1 నుంచి 1.5 బార్ మధ్య చూపించాలి. ఒక్కో రేడియేటర్‌లో చిక్కుకున్న గాలిని తాళంచెవితో వదలాలి, వదిలాక ప్రెషర్ తగ్గితే మళ్లీ నింపాలి.

ఆ తర్వాత ఎక్కువమందికి తెలియని చిన్న పని ఒకటుంది. కారే నీళ్ల పైపు మొదట్లో వంపు ఉంటుంది, మన వాష్‌బేసిన్ కింద ఉన్నట్టే. మంట వెలిగించే ముందు అందులో నీళ్లు పొయ్యాలి. ఆ నీళ్లే పొగ గదిలోకి రాకుండా ఆపే తలుపు. ఖాళీగా ఉంటే మండిన వాయువులు ఆ దారిన ఇంట్లోకి రావచ్చు. వాటిలో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి అనుకుని పడుకుంటే లేవం.

అప్పుడు మంట. వెలిగాక పొగగొట్టం దగ్గర మీటరు పెట్టి కార్బన్ డయాక్సైడ్, మోనాక్సైడ్ ఎంతెంత వస్తున్నాయో కొలిచి, కంపెనీ పుస్తకంలో చెప్పిన హద్దుల్లో ఉన్నాయో లేదో చూసి, ఆ అంకెలు రాసి ఇవ్వాలి. చివరికి రేడియేటర్లన్నీ సమానంగా వేడెక్కేట్టు వాల్వులు సర్దాలి. లేకపోతే దగ్గరున్నది కాలుతుంది, దూరంగా ఉన్న పడకగది చల్లగానే ఉంటుంది.

ఇవేవీ మనం చేసుకునేవి కావు. ఇంగ్లండ్‌లో గ్యాస్ పని చేసే మనిషి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. 2009 ఏప్రిల్ నుంచి ఆ పేరుతో నడుస్తోంది. కార్డు చూపించమని అడగండి, మొహమాటం వద్దు. కార్డు వెనక ఏ ఏ పనులకి అర్హత ఉందో రాసి ఉంటుంది. అద్దెకి ఉండే విద్యార్థులూ వినండి: ఏడాదికోసారి గ్యాస్ తనిఖీ చేయించి ఆ కాగితం మీకివ్వడం ఇంటి ఓనరు బాధ్యత.

నాలుగో ప్రశ్న: ఎన్ని డిగ్రీల మీద పెట్టి వెళ్లారు?

బాబు గొడవ సర్దుకున్నాక అక్క ఇంకో మాట అంది. "కొత్తది పెట్టినా గ్యాస్ బిల్లు పెద్దగా తగ్గలేదు రా." అప్పుడు సెట్టింగ్ చూపించమన్నా. రేడియేటర్లకి వెళ్లే నీళ్లు 80 డిగ్రీల మీద ఉన్నాయి.

మళ్లీ గిన్నె గుర్తు తెచ్చుకోండి. గిన్నె వేడెక్కితే చుక్కలు మాయం. సహజ వాయువు పొగలో ఆవిరి నీళ్లవడం సుమారు 55 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. రేడియేటర్లు తిరిగి, బాయిలర్‌కి వెనక్కి వచ్చే నీళ్లు అంతకంటే చల్లగా ఉండాలి. 80తో పంపితే 60, 65తో తిరిగొస్తాయి. అంటే కండెన్సింగ్ బాయిలర్ కొని, కండెన్సింగ్ జరగనివ్వకుండా నడుపుతున్నాం. స్టిక్కర్ మీద 92, చేతిలో అంత లేదు.

బావతో 80ని 65కి, వారం తర్వాత 60కి తగ్గించమన్నా. ఇల్లు వెచ్చబడటానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, రేడియేటర్ ముట్టుకుంటే చురుక్కుమనదు, కానీ గది మాత్రం అదే వెచ్చదనం. బాగా చలి రోజుల్లో చాలకపోతే కాస్త పెంచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: అక్కది ట్యాంకు లేని కాంబి బాయిలర్ కాబట్టి హీటింగ్‌కి వేరే మీట ఉంది. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇంట్లో, ట్యాంకు నీళ్లు 60 డిగ్రీలకి తక్కువ కాకూడదు, లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అక్కడ ఇంజనీరుని అడక్కుండా తగ్గించొద్దు.

మన ఊళ్లో ఉన్నవాళ్లకి ఇందులో ఏముంది అంటారా? బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు పెట్టుకుంటున్నాం. ఆ మంటా గాలి తీసుకుంటుంది, ఆ మంటా వాయువులు వదులుతుంది. అక్క బాయిలర్‌కి గాలి బయటి నుంచి వస్తుంది, పొగ బయటికి పోతుంది. మన గీజరుకి చాలా ఇళ్లలో రెండూ ఆ మూసిన చిన్న గదే. తలుపు, కిటికీ బిగించి స్నానం చేస్తూ ప్రాణాలు పోయినవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదువుతున్నాం. గీజరుని బాత్రూం బయట పెట్టించండి. నీళ్లు మాత్రమే లోపలికి రావాలి.

అక్క ఇంట్లో ఆ పైపుని తర్వాత వేరే మనిషితో లోపలి డ్రైనుకి కలిపించాం. సగం రోజు పని. మొదటి రోజే అడిగి ఉంటే అదీ ఉండేది కాదు. ఈ సంక్రాంతికి అక్కా, బావా, బాబూ ఇక్కడికే వచ్చారు. బాబుకి అమ్మ ఈ రాగి బాయిలర్ నీళ్లతోనే స్నానం పోసింది, సగం వేడి కాకులకి పోతే పోయింది.

మీ వాళ్లెవరైనా అక్కడ కొత్త బాయిలర్ పెట్టిస్తుంటే ఈ నాలుగు ప్రశ్నలు పంపండి: నీళ్లు ఎటు పోతాయి, పైపులు కడిగారా, కొలిచిన అంకెలు రాసిచ్చారా, ఎన్ని డిగ్రీల మీద పెట్టారు. ఉంటా అండి, మళ్లీ కలుద్దాం.