వంటచెరకు - వేడిమి: కొన్ని ప్రాంతముల తులనము

వంటచెరకు ఉత్పత్తిని ప్రాంతములవారిగా, కాలములవారిగా పోల్చుటకు ముందు కొలమానము నిర్ణయింపవలెను. పల్లెలలో కట్టెను మోపులతోను బండ్లతోను కొలుతురు; అడితులలో తూచి అమ్ముదురు; అటవీశాఖవారు ఘనమీటర్లలో లెక్కింతురు. వీనినన్నిటిని ఒక్కతాటిపైకి తెచ్చునది వేడిమి. అప్పుడే నరికిన పచ్చికట్టె తూకములో ఇంచుమించు సగము నీరే. గాలికి ఆరిన కట్టె కిలోగ్రామునకు సుమారు 3,500 కిలోకేలరీల వేడిమి నిచ్చును. ఒక ఘనమీటరును సగటున 725 కిలోగ్రాములుగా గణించుట అంతర్జాతీయముగా వాడుక. కావున ఘనమీటరు వంటచెరకునందు సుమారు 25 లక్షల కిలోకేలరీలు నిక్షిప్తమై యుండును.

మద్రాసు ప్రాంతమున కట్టెకు గిరాకిని పెంచినది ముఖ్యముగా రైలు. 1856లో రాయపురమునుండి వాలాజా వరకు రైలుదారి తెరువబడినది. సమీపమున బొగ్గుగనులు లేనందున ఇంజనులకు కట్టెయే ఆధారమయ్యెను. అదే సంవత్సరమున క్లెగ్‌హార్న్ మద్రాసు రాజధానికి అటవీ సంరక్షకుడుగా నియుక్తుడయ్యెను. సహజారణ్యముల కలప చాలకపోగా తూర్పుతీరపు ఇసుకనేలలలో సరుగుడు తోటలు వెలసినవి. శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హాం కాలువగుండ పడవలపై మద్రాసు చేరి, తెలుగువారితో సహా నగరవాసుల పొయ్యిలకు ఇంధనమైనవి. 1889లో సింగరేణి బొగ్గు త్రవ్వకము ఆరంభమైన పిదప రైళ్లకు కట్టె అవసరము క్రమముగా తగ్గినది. వంటిండ్లకు మాత్రము తగ్గలేదు.

నీలగిరులలో వేరొక మార్గము కానవచ్చును. అచట షోలా వనములు వంటచెరకునకై తరిగిపోగా, 1843లో ప్రవేశించిన యూకలిప్టసును 1860 దశకమునుండి విస్తారముగా నాటిరి. రామనాథపురము జిల్లాలోను, తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించు విరుదునగరము జిల్లాలోను సర్కారు తుమ్మ ప్రధానమైనది. ఈ మొక్కను 1870 దశకపు చివర కడపజిల్లా కమలాపురము ప్రాంతమున నాటిరి. అది కరువునేలలలో కట్టెను, బొగ్గును, కొంత విద్యుత్తును సమకూర్చినది. కాని చెరువుగర్భములను, బీడులను ఆక్రమించినది. యానాముచెంత కోరంగి మడ అడవులు తీరవాసులకు వంటచెరకు నిచ్చినవి. 1978లో అవి అభయారణ్యముగా ప్రకటింపబడినవి.

ప్రపంచమున నరికెడి కలపలో దాదాపు సగము ఇంధనమే. భారతదేశపు వాటా ఏటేట సుమారు 30 కోట్ల ఘనమీటర్లని అంచనా. తలమోపులకు చిట్టా లేనందున ఇట్టి సంఖ్యలు లెక్కలు కావు, అంచనాలు. ఇటీవలి దశాబ్దములలో ఆసియా ఉత్పత్తి తగ్గుచుండగా ఆఫ్రికా ఉత్పత్తి పెరుగుచున్నది.

ఉత్పత్తియైన వేడిమి అంతయు కుండకు చేరదు. సాధారణపు మట్టిపొయ్యి నూటికి 10 మొదలు 15 పాళ్లను మాత్రమే అందించును. గ్యాసుపొయ్యి సుమారు 60 పాళ్లందించును. ఈ లెక్కన 14.2 కిలోల గ్యాసుబండ చేయు పనికి మట్టిపొయ్యిలో దాదాపు 2 క్వింటాళ్ల కట్టె కావలెను. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము గ్యాసును పేదయిండ్లకు చేర్చినవి. అయినను బండ మరల కొనుటకు ధనము చాలనప్పుడు ఇల్లాలు తిరిగి కట్టెపొయ్యినే రాజేయును.

కావున కట్టె ఉత్పత్తి అధికమైన ప్రాంతము ఇంధనసంపన్నమని తలచుట పొరపాటు. అడవి ఎంత ఇచ్చినది, పొయ్యి ఎంత వ్యర్థపరచినది, మోపు మోసినవారెవరు, పొగ పీల్చినవారెవరు అను నాలుగు ప్రశ్నలకును సమాధానము లభించిననాడే ఈ తులనము సార్థకమగును.