టకటక పడవ: ఫ్యాన్ లేదు, గేర్ లేదు, అయినా నడుస్తుంది

జాతరలో నీళ్ల టబ్బులో టకటకమంటూ తిరిగే రేకు పడవ గుర్తుందా? ఈరోజు దాన్నే ఇంట్లో చేద్దాం. దీనికి థామస్ పియో అనే ఆయన 1891లోనే బ్రిటన్‌లో పేటెంట్‌కి అప్లై చేశాడు.

ఏసీ మెకానిక్ దగ్గర దొరికే సన్న రాగి ట్యూబులో ఉప్పు నింపి, పెన్నుకి రెండు చుట్లు చుట్టండి. ఉప్పు ఉంటే ట్యూబు నొక్కుకుపోదు, తర్వాత నీళ్లలో కరిగిపోతుంది. రెండు కొసలూ పడవ వెనక నీళ్లలో ఉండాలి. ట్యూబు నిండా నీళ్లు పట్టి, చుట్ట కింద కొవ్వొత్తి పెట్టండి. పడవకి రేకే వాడండి, థర్మాకోల్ అయితే కొవ్వొత్తి వేడికి కరుగుతుంది.

చుట్టలో నీళ్లు ఆవిరై, ట్యూబులో ఉన్న నీళ్లని వెనక్కి తోస్తాయి. ఆవిరి చల్లబడగానే బయటి నీళ్లు లోపలికొస్తాయి. మళ్లీ ఆవిరి. మరి పోయినన్ని నీళ్లూ తిరిగొస్తుంటే పడవ ముందుకెలా కదులుతుంది? బయటికి పోయేవి పిచికారీలా ఒకే దిక్కుకి పోతాయి, లోపలికొచ్చేవి అన్ని పక్కల నుంచీ వస్తాయి. అందుకే తోపుదే పైచేయి.

అయితే ఈ చుట్ట పడవ దాదాపు సైలెంట్. ఆ టకటక రావాలంటే చుట్ట బదులు చిన్న డొల్ల డబ్బా, పైన పల్చటి రేకు ఉండాలి. ఆవిరికి ఆ రేకు పొంగుతూ అణుగుతూ చప్పుడు చేస్తుంది. నాకైతే ఆ సౌండ్ లేనిది సగం పడవే! కూల్‌డ్రింక్ టిన్ను రేకుతో దాన్ని నెక్స్ట్ ఎపిసోడ్‌లో ట్రై చేద్దాం. ఈలోగా ట్యూబు కొసలు మాత్రం ఎప్పుడూ మూయొద్దు, ఆవిరికి దారి లేకపోతే పేలొచ్చు.