లెక్క తప్పని మోటారు

కంప్యూటరు లేకుండ యంత్రము ఒకే పనిని తనంతట తాను మరల మరల చేయగలదా యని మక్తల్ ప్రాంతపు రైతు సోదరులు కొందరు మమ్ము అడిగిరి. చేయగలదు. గొర్రు వెంట నడచుచు జడ్డిగములో గింజలు విడుచువారి చేయి ప్రొద్దెక్కినకొలది అలసిపోవును. సాలు ఒకచోట దట్టము, ఒకచోట పలుచన యగును. ఇనుప విత్తన యంత్రమునందు నేలపై దొరలు చక్రమే రంధ్రముల పళ్లెమును త్రిప్పును. పళ్లెము మార్చినచో గింజల యెడము మారును. ఆ రంధ్రముల వరుసయే యంత్రమునకు జ్ఞాపకము.

చేతి యలసట యనగానే ఆలేరు దగ్గరి శారాజీపేట నేతగాడు చింతకింది మల్లేశము జ్ఞప్తికి వచ్చును. ఆ యూరు నాడు నల్లగొండ జిల్లాలోనిది. చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగ నాటిన మేకుల చుట్టు దారమును త్రిప్పుటయే ఆ పని. చీర యొక్కటికి చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. దినమునకు రెండు చీరలైన 18,000! తల్లి లక్ష్మి భుజపు నొప్పి చూడజాలక, చిన్ననాడే బడి మానిన ఆయన యేండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ యిచ్చి గౌరవించినది.

ఇట్టి పనులకు నేడు స్టెప్పర్ మోటారు అనువైనది. బావి మోటారు కరెంటున్నంతసేపు తిరుగును. ఎంత తిరిగినదో దానికి పట్టదు. స్టెప్పర్ మోటారు లోపలి తీగచుట్లకు వరుసగ కరెంటునిచ్చినచో, ఒక్కొక్క మార్పునకు ఒక్కొక్క యడుగు వేసి నిలుచును. విరివిగ దొరకు రకమునకు 200 అడుగులు ఒక చుట్టు, అడుగునకు 1.8 డిగ్రీలు. వరుసను తిరుగవేసిన వెనుకకు నడచును.

ఆ వరుసను కఱ్ఱ దిండు సైతము ఈయగలదు. దిండు చుట్టు ఇత్తడి రేకు ముక్కలను ముందునడకకు కొన్ని, వెనుకనడకకు కొన్ని వరుస తప్పక బిగించి, వానిపై నాలుగు స్ప్రింగు పట్టీలు ఆనునట్లు అమర్చవలెను. చిన్న మోటారుతో దిండును మెల్లగ త్రిప్పినచో పట్టీకి రేకు తగిలిన చుట్టుకు కరెంటు పోవును. దిండు ఒక చుట్టు తిరిగిన పని యొకమారు ముగిసి, మరల మొదలగును.

మేమును ఒకటి చేసి చూచితిమి. మొదట తొందరపడి దిండును వేగముగ త్రిప్పితిమి. మోటారు కొన్ని యడుగులు తప్పినది, తప్పినట్లు దానికి తెలియనే లేదు. గంటలో చేయి బెత్తెడు ప్రక్కకు జరిగిపోయెను. పిమ్మట వేగము తగ్గించి, చేయి బయలుదేరు చోట గట్టి మేకు నొకదానిని అడ్డము నిలిపి, తిరుగుదారిలో నాలుగు రేకులు అదనముగ వేసితిమి. ఇప్పుడు చేయి ప్రతిసారి వచ్చి మేకును తాకి ఆగును. చిన్న తప్పు అచ్చటనే సరియగును. తేలిక బరువునకే ఈ యేర్పాటు. బరువు హెచ్చినచో మోటారును పెద్దది చేయవలెనేగాని వేగము పెంచరాదు.