ఊటీలో పుట్టి బ్రిటన్‌ని ఊపేసిన కీబోర్డ్ ప్లేయర్ – జెర్రీ డామర్స్ కథ

ఈ రోజు టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఒక చేత్తో ఫోన్ పట్టుకోండి, రెండో చేత్తో టేబుల్ మీద కొడుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. ఈజీనే కదా? ఇప్పుడు అంకె మీద కాకుండా, రెండు అంకెల మధ్య ఉన్న గ్యాప్‌లో కొట్టండి. ఒకటి-చక్, రెండు-చక్, మూడు-చక్, నాలుగు-చక్. మొదట్లో తడబడతారు, పర్లేదు. కాసేపటికి మీకు తెలియకుండానే భుజాలు ఊగడం మొదలవుతుంది.

ఆ "చక్" ఉంది చూశారా, అదే స్కా మ్యూజిక్‌కి ప్రాణం. 1950ల చివర్లో జమైకాలో పుట్టింది. రెగే మనలో చాలామందికి తెలుసు కదా, బాబ్ మార్లే టీషర్టులు వేసుకుంటాం కదా, ఆ రెగే కంటే ముందు వచ్చిందే ఈ స్కా. గిటార్, కీబోర్డ్ రెండూ ఆ గ్యాప్‌లోనే పడతాయి.

ఈ స్కాని తీసుకుని ఇంగ్లండ్‌లో కొత్త ఊపు తెచ్చిన ఒక కీబోర్డ్ ప్లేయర్ గురించే ఈ ఎపిసోడ్. పేరు జెర్రీ డామర్స్. బ్యాండ్ పేరు ది స్పెషల్స్. అసలు ఇతని గురించి నేను వెతకడం మొదలుపెట్టిందే ఒక లైన్ చూసి. పుట్టిన ఊరు: ఊటీ. అవునండీ, మన సినిమాల్లో హీరో హీరోయిన్లు స్వెట్టర్లు వేసుకుని డ్యూయెట్లు పాడిన అదే ఊటీ. 1955లో అక్కడ పుట్టాడు. వాళ్ల నాన్న క్రైస్తవ మతాచార్యుడు, అప్పట్లో దక్షిణ భారతదేశంలో పని చేసేవారు. జెర్రీ బాగా చిన్నగా ఉన్నప్పుడే ఫ్యామిలీ ఇంగ్లండ్ వెళ్లిపోయింది. పెరిగింది కోవెంట్రీలో.

కోవెంట్రీ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. అది కార్ల ఫ్యాక్టరీల ఊరు. ఫ్యాక్టరీల్లో పని కోసం జమైకా నుంచి, మన పంజాబ్ నుంచి, ఐర్లండ్ నుంచి జనం వచ్చారు. 1970ల చివరికి వచ్చేసరికి ఆ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఉద్యోగాలు పోతుంటే ఏమవుతుంది? పక్కవాడి మీద కోపం వస్తుంది. "వీళ్లంతా బయటి నుంచి వచ్చి మన ఉద్యోగాలు లాక్కుంటున్నారు" అనే రాజకీయం మొదలవుతుంది. నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ సరిగ్గా ఆ మాటే పట్టుకుని రోడ్ల మీద ఊరేగింపులు తీసేది.

ఆ టైమ్‌లో జెర్రీ ఏం చేశాడంటే, ఏడుగురితో బ్యాండ్ కట్టాడు. అందులో లిన్వల్ గోల్డింగ్, నెవిల్ స్టేపుల్ జమైకాలో పుట్టినవాళ్లు. మిగతావాళ్లు తెల్లవాళ్లు. మ్యూజిక్ కూడా అంతే. జమైకా స్కా, ఇంగ్లండ్ పంక్, రెండూ కలిపి కొట్టారు. స్టేజ్ మీద ఎవరూ సమానత్వం గురించి లెక్చర్ ఇవ్వక్కర్లేదు. స్టేజ్ చూస్తేనే విషయం అర్థమైపోతుంది.

1979లో టూ టోన్ అనే సొంత లేబుల్ పెట్టాడు. టూ టోన్ అంటే రెండు రంగులు. నలుపు, తెలుపు గళ్ల డిజైన్, చదరంగం బోర్డులా. నల్ల సూట్, తెల్ల చొక్కా, నల్ల టై వేసుకున్న ఒక బొమ్మ లోగో. పీటర్ టాష్ పాత ఫోటో ఒకటి చూసి గీసిన బొమ్మ అది. ఇప్పటి భాషలో చెప్పాలంటే బ్రాండింగ్ అదిరిపోయింది. కానీ నాకు ఇంకా నచ్చిన విషయం ఏంటంటే, ఆ లేబుల్‌లో ఒక్క సింగిల్ చేసి, కావాలంటే వేరే కంపెనీకి వెళ్లిపోవచ్చు. మ్యాడ్‌నెస్ బ్యాండ్ సరిగ్గా అదే చేసింది. మొదటి పాట ఇక్కడ, తర్వాత వేరే చోట. బాండ్ రాయించుకుని రెండేళ్లు కదలనివ్వని కంపెనీలు చూసిన మనకి ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

స్పెషల్స్ మొదటి సింగిల్ టాప్ 10లోకి వెళ్లింది. 1980 మొదట్లో ఒక లైవ్ రికార్డ్ నంబర్ వన్ అయింది. ఇక 1981లో వచ్చింది అసలు పాట, "ఘోస్ట్ టౌన్".

ఈ పాట దగ్గర కాసేపు ఆగుదాం. టూర్‌లో ఊరూరా తిరుగుతుంటే జెర్రీకి మూసేసిన షాపులు కనిపించాయి. గ్లాస్గోలో ముసలివాళ్లు ఇంట్లో కప్పులూ సాసర్లూ రోడ్డు మీద పెట్టి అమ్ముకోవడం చూశాడు. బ్రిటన్‌లో అప్పటికి నిరుద్యోగులు 25 లక్షలు దాటిపోయారు. ఆ దృశ్యాన్ని అతను సౌండ్‌గా మార్చాడు. స్కా అంటే మామూలుగా డ్యాన్స్ మ్యూజిక్ కదా, ఇక్కడ అదే "చక్"ని బాగా స్లో చేసేశాడు. దాని మీద ఆర్గన్‌తో వంకర వంకర కార్డ్స్ వేశాడు, పాత దెయ్యం సినిమాలో తలుపు కిర్రుమన్నప్పుడు వచ్చే టైప్‌లో. రీకో రోడ్రిగ్స్ అనే జమైకా పెద్దాయన ట్రాంబోన్ వాయించారు. రికార్డింగ్ పెద్ద స్టూడియోలో కాదు, లెమింగ్టన్ అనే చిన్న ఊళ్లో, 8 ట్రాకులే ఉన్న మెషీన్ మీద. ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న ఫ్రీ యాప్‌లో కూడా అంతకంటే ఎక్కువ ట్రాకులు ఉంటాయి!

పాట జూన్‌లో వచ్చింది. జూలైలో లివర్‌పూల్, లండన్, మాంచెస్టర్, ఇలా చాలా ఊళ్లలో అల్లర్లు చెలరేగాయి. టీవీ పెడితే మంటలు, రేడియో పెడితే ఈ పాట. మూడు వారాలు నంబర్ వన్. వార్తల కంటే ముందే వార్త రాసినట్టు అయింది.

మరి బ్యాండ్? అదే సమయంలో ముక్కలైంది. స్టూడియోలోనే గొడవలు. ప్రతి నోట్ తను అనుకున్నట్టే రావాలని జెర్రీ పట్టు. ఒక మెంబర్ కోపంతో గోడకి కన్నం పెట్టేలా తన్నాడని తర్వాత జెర్రీయే గుర్తు చేసుకున్నాడు. పాట టాప్‌లో ఉండగానే మెయిన్ సింగర్ టెర్రీ హాల్, లిన్వల్, నెవిల్, ముగ్గురూ బయటికి వెళ్లి వేరే బ్యాండ్ పెట్టుకున్నారు.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. బీటెక్ థర్డ్ ఇయర్‌లో మాకు ఐదుగురి బ్యాండ్ ఉండేది. కీబోర్డ్ నేనే. ట్యూన్ నాదే, స్పీడ్ నేను చెప్పిందే, డ్రమ్స్ వాడు ఏం కొట్టాలో కూడా నేనే చెప్పేవాణ్ణి. ఫెస్ట్‌లో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. వారం తిరక్కుండా నలుగురూ కలిసి ఒక కొత్త వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నారు. అందులో నేను లేను. చాలా రోజులు "నా వల్లే గెలిచి నన్నే తీసేశారు" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగా. జెర్రీ కథ చదువుతుంటే మొదటిసారి అనిపించింది, వాళ్లని ఒక్కసారైనా "మీకు ఎలా కావాలి రా?" అని అడిగానా అని. అడగలేదు ఫ్రెండ్స్.

సరే, జెర్రీ దగ్గరికి వద్దాం. మిగిలినవాళ్లతో ది స్పెషల్ ఏకేఏ అనే పేరుతో కొత్త ఆల్బమ్ మొదలుపెట్టాడు. అది ఎంతకీ తెమలలేదు, డబ్బు నీళ్లలా ఖర్చయింది, చివరికి అప్పు మిగిలింది. కానీ ఆ ఆల్బమ్‌లోనే ఒక పాట ఉంది. 1983లో లండన్‌లో నెల్సన్ మండేలా 65వ పుట్టినరోజు సందర్భంగా జరిగిన కచేరీకి జెర్రీ వెళ్లాడు. మండేలా గురించి అతను తెలుసుకున్నదే అక్కడ. అప్పటికి మండేలా జైల్లో 20 ఏళ్లకు పైగా ఉన్నారు. ఇంట్లో అప్పటికే ఒక ట్యూన్ ఉంది, దానికి మండేలా విడుదల కోరుతూ మాటలు రాశాడు. 1984లో రిలీజైంది, బ్రిటన్ చార్ట్‌లో 9వ స్థానం దాకా వెళ్లింది. ఏడుపు పాట కాదు, పండగ పాటలా ఉంటుంది. అందుకే జనం నోట్లో ఆ పేరు నానింది.

అక్కడితో ఆగలేదు. ఆర్టిస్ట్స్ అగెయిన్‌స్ట్ అపార్థైడ్ అనే సంస్థను బ్రిటన్‌లో నడిపాడు. 1988 జూన్ 11న వెంబ్లీ స్టేడియంలో మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది, ఆ ఆలోచన వెనక కూడా ఇతనున్నాడు. 60కి పైగా దేశాల్లో టీవీల్లో వచ్చింది. ఆ రోజు ఒక విచిత్రం జరిగింది. స్టీవీ వండర్ స్టేజ్ ఎక్కే ముందు ఆయన కీబోర్డ్ సిస్టమ్ హార్డ్ డిస్క్ కనపడలేదు! బ్యాకప్ తీసుకోండి బాబూ అని నేను ఊరికే చెప్పను. ఆ ఖాళీ నింపడానికి ట్రేసీ చాప్‌మన్ అనే కొత్తమ్మాయి ఒక్క గిటార్‌తో మళ్లీ స్టేజ్ ఎక్కింది. ఆ రాత్రితో ప్రపంచానికి తెలిసిపోయింది.

1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యారు. అదే సంవత్సరం మన దేశం ఆయనకి భారతరత్న ఇచ్చింది. పాట వల్లే విడుదలయ్యారా అంటే, కాదు. దక్షిణాఫ్రికా ప్రజల పోరాటం, దేశాల ఆంక్షలు, దశాబ్దాల ఒత్తిడి. పాట చేసింది ఒక్కటే, ఆ పేరు తెలియని కుర్రాళ్లకి ఆ పేరు తెలిపింది. జెర్రీకి కూడా ఒక కచేరీయే కదా తెలిపింది! 2014లో దక్షిణాఫ్రికా అతనికి ఓఆర్ టాంబో పేరిట ఇచ్చే జాతీయ గౌరవం ఇచ్చింది.

బ్యాండ్ మళ్లీ కలిసిందా? 2008లో కలిసింది, జెర్రీ లేకుండా. తనని బయట పెట్టారని అతనంటాడు, మిగతావాళ్ల వెర్షన్ వేరు. తీర్పు ఇవ్వడం నా పని కాదు. 2022లో టెర్రీ హాల్ చనిపోయారు. ఇక ఆ పాత గుంపు మొత్తం ఒకే స్టేజ్ మీద కనపడే అవకాశమే లేదు.

ఈ స్క్రిప్ట్ రాశాక మా డ్రమ్స్ వాడికి మెసేజ్ పెట్టాను. ఏడేళ్ల తర్వాత. "ఆ పాటలో నీకు ఏం కొట్టాలని ఉండేది రా?" అని. బ్లూ టిక్ వచ్చింది, రిప్లై ఇంకా రాలేదు. వస్తే నెక్స్ట్ ఎపిసోడ్‌లో చెప్తా.

మీరు మాత్రం ఈ రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఘోస్ట్ టౌన్ వినండి, ఆ ఆర్గన్ ఎక్కడ ఎంటర్ అవుతుందో పట్టుకుని కామెంట్‌లో టైమ్ రాయండి. ఉంటాను మరి, బై.